క్రొత్త మందారము – పెంపకము, పరీక్ష

మన పాఠశాల ప్రాంగణమున ఉత్తరపు గోడ ననుసరించి యున్న పొడుగాటి మడిలో, మూడేండ్లుగా గింజల నుండి పెరుగుచున్న మందార మొక్కలను తల్లిదండ్రులలో పలువురు చూచియే యుందురు. హోసూరు చుట్టుపట్ల పూలతోటలకు కొదవ లేదు. మొక్కలమ్మువారి యొద్ద పదుల కొలది మందార రకములు దొరకుచున్నవి. అట్లుండగా గింజ నాటి, ఏండ్ల తరబడి వేచి, లెక్కలు వ్రాయు నీ శ్రమ యెందులకని కొందరు మమ్ము అడిగిరి. దీనివలన పిల్లల చదువునకు కలుగు మేలేమని మరికొందరు అడిగిరి. రెండును న్యాయమైన ప్రశ్నలే. వానికి సమాధానము చెప్పుటకే ఈ వ్యాసము.

ఇంకొక కారణము కూడ కలదు. రాబోవు వేసవి సెలవులలో ఆ మడి యున్న చోట రెండు తరగతి గదుల నిర్మాణము మొదలు కానున్నది. గదులు మనకు మిక్కిలి అవసరము. అందుచే మొక్కలు అక్కడినుండి కదలక తప్పదు. వానిలో ఒక మొక్క వంటిది మరెచ్చటను లేదు. అది చనిపోయినచో మరల కొని తెచ్చుటకు వీలులేదు. దానిని నిలుపుటకు తల్లిదండ్రుల సాయము కావలసియున్నది. ఆ సాయమెట్టిదో చివర మనవి చేసెదము. ముందుగా విషయము తెలియవలెను.

ఒకే కుటుంబపు పూలు

మన యిండ్లలో మందారమనియు, దాసాని యనియు పిలుచు పూవునే ఇరుగుపొరుగు తమిళులు చెంబరుత్తి యందురు, కన్నడిగులు దాసవాళ మందురు. 1753లో లిన్నేయసు అను స్వీడను దేశపు వృక్షశాస్త్రజ్ఞుడు దీనికి ‘చైనా గులాబి’ అను అర్థము వచ్చు శాస్త్రనామము నిచ్చెను. ఇది గులాబి కుటుంబమునకు చెందినది కాదు. పత్తి, బెండ, గంగరావి, మన గోంగూర — ఇవి దీని బంధువులు. గోంగూర పూవును, బెండ పూవును మందార పూవు ప్రక్కన పెట్టి చూచినచో ఆ చుట్టరికము పిల్లలకు సైతము ఇట్టే తెలియును. అన్నిటను రేకులైదు. నడుమ ఒక గొట్టము. ఆ గొట్టము చుట్టును పుప్పొడి తిత్తులు.

మందార పూవు నిర్మాణము పెద్దది, స్పష్టమైనది. భూతద్దము లేకయే భాగములన్నియు కనబడును. అందుచేతనే పాఠ్యపుస్తకములలో పూవు భాగములను చెప్పుటకు తరచుగ దీనినే ఎన్నుకొందురు. క్రింద ఆకుపచ్చని రక్షక పత్రములు, పైన రంగురంగుల ఆకర్షక పత్రములు, వాని నడుమ కేసరములన్నియు కలిసిపోయి యేర్పడిన కేసర నాళము. ఆ నాళము లోపలినుండి కీలము పైకి వచ్చి, కొనయందు ఐదు చిన్న దిండ్లవలె చీలును. అవియే కీలాగ్రములు. అడుగున ఐదు గదుల అండాశయము. కేసరముల పుప్పొడి కీలాగ్రమునకు చేరి, అక్కడినుండి దాని సారము అండాశయమునకు దిగినప్పుడే గింజ పుట్టును.

ఇప్పటి పెద్ద పూల మందారములన్నియు ఒక్క జాతివి కావు. మారిషస్, హవాయి మొదలగు దీవులలోని అడవి మందారములను, ఆఫ్రికా తూర్పు తీరపు వ్రేలాడు మందారమును, ఆసియా ఖండపు మందారముతో కలుపగా వచ్చిన సంకరముల సంతతి యవి. మారిషస్ దీవిలో ఈ పని పందొమ్మిదవ శతాబ్దమందే మొదలైనది. మలేషియా దేశము 1960లో ఎర్ర మందారమును తన జాతీయ పుష్పముగా గైకొన్నది.

కొమ్మకును గింజకును భేదము

మన పెరళ్ళలోని ఎర్ర మందారము గింజనుండి వచ్చినది కాదు. ఎవరో ఒక కొమ్మ విరిచి యిచ్చిరి, మన పెద్దలు దానిని నాటిరి. వారికి నిచ్చినవారును అట్లే తెచ్చుకొనిరి. కొమ్మ నుండి వచ్చిన మొక్క క్రొత్త మొక్క కాదు. అది పాతమొక్కయే, చోటు మారినది. ఒక వీధిలో పదియిండ్ల యందున్న ఎర్ర మందారములు పది మొక్కలుగా కనబడినను, పెక్కుమార్లు అవి ఒక్క మొక్క యొక్క పది కొమ్మలే.

గింజ సంగతి వేరు. గింజలో తల్లి గుణములు కొన్ని, తండ్రి గుణములు కొన్ని కలియును. ఏవి యెంత పాళ్ళలో కలియునో ముందుగా చెప్పజాలము. మందారములో ఈ కలయిక మరింత చిక్కైనది. మనము తల్లిగా నెన్నుకొన్న మొక్కయే పలుజాతుల మిశ్రమము. పైగా దాని కణములలో వంశవాహకముల పోగులు రకమునకు ఒక విధముగా నుండును. అందుచే ఒకే కాయలోని పది గింజలు పది విధముల మొక్కలగును. తాతముత్తాతలలో దాగిన రంగులు వెలికి వచ్చును. ఎక్కువభాగము తల్లిదండ్రులకన్న సామాన్యముగా నుండును. ఏ యొకటో రెండో మెచ్చదగినవి కావచ్చును. అట్టి మొక్క ప్రపంచమున ఒక్కటే యుండును. దానినుండి కొమ్మలు తీసి పెంచినపుడే అది ‘రకము’ అనిపించుకొనును.

చలిదేశముల తోటలలో హోస్టా అను ఆకుల మొక్క కలదు. జపాను, చైనా, కొరియా ప్రాంతములు దాని పుట్టిల్లు. అమెరికాలోని తోటమాలులు దానిని సంకరము చేసి, వందల మొలకలలో నొకటి రెంటిని మాత్రము నిలుపుకొని, ఏండ్ల తరబడి పరీక్షింతురు. ఆ మొక్కకు చలికాలపు నిద్ర కావలయును గనుక మన నేలకది పనికిరాదు. ఆ పద్ధతి మాత్రము మనకు పనికివచ్చును. మొక్క యేదైనను, క్రొత్తదానిని నమ్ముటకు ముందు పరీక్షింపవలెనను నియమము ఒక్కటే.

సంకరము చేయు విధము

మందార పూవు ఆయువు సాధారణముగ ఒక్క దినము. ఉదయమున విచ్చి సాయంకాలమునకు ముడుచుకొనును. కావున పని ప్రొద్దుటనే కావలెను. మిక్కిలి వేడిగా నున్న దినములలో కాయ నిలువదు. ముసురు పట్టినపుడు పుప్పొడి తడిసి పాడగును. మన ప్రాంతమున వానలు వెనుకబట్టి చలి మొదలగు కాలము ఇందుకు తగినది.

తల్లిగా నుండవలసిన పూవును ముందునాటి సాయంకాలమే మొగ్గగా నుండగా గుర్తించి, రేకులను మెల్లగా తెరచి, పుప్పొడి తిత్తులను చిన్న కత్తెరతో తీసివేయవలెను. దాని పుప్పొడి దానికే తగులకుండుటకు ఈ జాగ్రత్త. పిమ్మట మొగ్గకు పలుచని గుడ్డసంచి తొడుగవలెను. తేనెపిట్టలు, చీమలు మన లెక్కకు రాని పుప్పొడిని తేకుండుటకు ఈ సంచి. మరునాడు ఉదయము, తండ్రిగా నెన్నుకొన్న పూవును కోసి తెచ్చి, దాని పుప్పొడిని ఐదు కీలాగ్రములకును అద్దవలెను. అద్దిన వెంటనే కాడకు దారము కట్టి, చీటీ తగిలింపవలెను. చీటీపై తల్లి పేరు ముందు, తండ్రి పేరు తరువాత, ఆ పిమ్మట తేదీ వ్రాయుదురు. తల్లిపేరే ముందు వ్రాయుట ఈ శాస్త్రమున లోకమంతటను ఆచారము.

కలయిక కుదరనిచో కొద్ది దినములలో కాడ పసుపెక్కి రాలిపోవును. కుదిరినచో అండాశయము మెల్లగా ఉబ్బి కాయగును. అది ఎండి గోధుమరంగునకు వచ్చుటకు ఆరు మొదలు పది వారములు పట్టును. పండిన కాయ తనంతట పగిలి గింజలను చల్లివేయును గనుక, ముందే దానికి గుడ్డసంచి కట్టవలెను.

మేము 2022 అక్టోబరు, నవంబరు మాసములలో ఈ పని చేయించితిమి. మా తోటలోని ఎర్ర మందారము తల్లిగా ఒక్క కాయనైనను నిలుపలేదు. పాతకాలపు తోటరకములు పెక్కింటికి ఈ గుణము కలదు. అవి కొమ్మలతో వ్యాపించుటకు అలవాటుపడినవి. ఒంటిరేకుల పసుపు మందారము మాత్రము తల్లిగా పనికివచ్చినది. దాని పూలు 36కు ఎర్రమందారపు పుప్పొడిని అద్దితిమి. 30 రాలిపోయినవి. 6 కాయలు నిలిచినవి. వానిలో 47 గింజలు దొరకినవి. 36లో 30 పోయినవను మాటను పిల్లలు మొదట వ్రాయుటకు జంకిరి. ఆ సంఖ్యయే పుస్తకమున ముందు వ్రాయవలసినదని చెప్పితిమి. కలిసిరాని పనులు విడిచి, కలిసివచ్చినవి మాత్రము వ్రాసినచో అది లెక్క కాదు, పొగడ్త యగును.

గింజ నుండి పూవు వరకు

మందార గింజ పైపొర గట్టిది. దానిని అట్లే నాటినచో మొలకెత్తుటకు చాల కాలము పట్టవచ్చును. గోళ్ళు తీయు సాధనముతో, మొలక వచ్చు మొనను విడిచి, గుండ్రని ప్రక్కన పైపొరను ఆవగింజంత మాత్రము గీరి, ఒక రాత్రి నీటిలో నానబెట్టవలెను. ఎర్రమన్ను, ఇసుక, బాగుగా మాగిన పశువుల ఎరువు సమపాళ్ళుగా కలిపి, చిన్న సంచులలో నింపి, ఒక సెంటీమీటరు లోతున నాటవలెను. తడి యుండవలెను గాని నీరు నిలువరాదు. వారము పదిదినములలో మొలకలు వచ్చును. కొన్ని మరింత ఆలస్యము చేయును.

మా 47 గింజలలో 31 మొలచినవి. మొలచిన నెలలోనే నారుకుళ్ళు తెగులు సోకి 8 చనిపోయినవి. మిగిలినవి 23. ప్రతిదానికిని వరుసగా సంఖ్య నిచ్చి, రేకు ముక్కపై మేకుతో చెక్కి, మొక్కకు కట్టితిమి. సిరాతో వ్రాసిన చీటీలు ఎండకు, వానకు నిలువవు. చీటీ పోయిన మొక్క చరిత్ర పోయిన మొక్కయే.

గింజనుండి వచ్చిన మందారము తొలిపూవు పూయుటకు సుమారు ఒక సంవత్సరము మొదలు రెండు సంవత్సరములు పట్టును. 2024 చివరి నాటికి మా మొక్కలలో 19 పూచినవి. మొదటి పూవు విచ్చిన ఉదయమున ప్రార్థన గంట కొట్టినను పిల్లలు మడి వదలి రాలేదు. అయితే తొలిపూవును చూచి మొక్కకు వెల కట్టరాదు. లేతమొక్క తొలిపూలు చిన్నవిగా, వంకరగా నుండవచ్చును. లేక పూలు తక్కువగుటచే పెద్దవిగా నుండి మురిపింపవచ్చును. మందారమునకు మరియొక స్వభావము కలదు. వేడిమిని బట్టి రంగు మారును. చలికాలమున ముదురుగా కనబడిన ఛాయ వేసవిలో వెలవెలబోవును. కావున మూడు కాలములును చూడనిదే తీర్పు చెప్పరాదు. రెండేండ్లు చూచుట మరింత మంచిది.

పరీక్షయందు చూడవలసినవి

క్రొత్తదానిని చూచినపుడు కన్ను పూవుమీదికే పోవును. పరీక్షకుడు పూవును చివర చూడవలెను. మేము పిల్లలచేత ఈ వరుసలో చూపించితిమి.

మొదటిది, మొక్క ఆకారము. కొమ్మలు అడుగునుండి వచ్చుచున్నవా, లేక కర్రవలె ఒక్కటే పైకి పోవుచున్నదా? ఆకులు నిండుగా నున్నవా? రెండవది, ఆరోగ్యము. పిండినల్లి, పేనుబంక మందారమునకు తరచుగ పట్టును. ప్రక్కప్రక్కనే యున్న రెండు మొక్కలలో ఒకదానికి హెచ్చుగా, రెండవదానికి తక్కువగా పట్టినచో అది గమనింపవలసిన విషయము. మూడవది, మొగ్గ నిలుచుట. ఎన్ని మొగ్గలు తొడిగినది, ఎన్ని విచ్చినవి, ఎన్ని రాలినవి? నాలుగవది, పూవు నిలుచు తీరు. కాడ బలముగా నుండి పూవును ఎత్తి పట్టుచున్నదా, తలవంచుచున్నదా? సాయంకాలము నాలుగు గంటల వరకైనను విచ్చియున్నదా? ఐదవది, కొమ్మ నాటినపుడు వేరు పట్టుట. ఎంత అందమైనదైనను ఇంకొక యింటికి పోలేని మొక్క ఆ తోటతోనే ఆగిపోవును. ఇన్నియు చూచిన పిమ్మట రంగు, పరిమాణము, రేకుల తీరు చూడవలెను.

మన దేశమున 2001లో వచ్చిన వృక్షరకముల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టము క్రింద ఒక క్రొత్త రకమును నమోదు చేయుటకు ప్రధానముగ మూడు గుణములు చూతురు. ఇదివరకున్న రకములకన్న స్పష్టముగా వేరై యుండుట మొదటిది. ఆ రకమునకు చెందిన మొక్కలన్నియు ఒక్క తీరుగా నుండుట రెండవది. మరల మరల పెంచినను ఆ గుణములు మారకుండుట మూడవది. మేము నమోదుకు పోవుట లేదు. అయినను ఈ మూడు ప్రశ్నలును మా పరీక్షకు వెన్నెముక.

లెక్కవ్రాయుటయందు ఒక కట్టుబాటు చేసితిమి. ప్రతిదినము ప్రార్థనకు ముందు విచ్చిన పూలను, రాలిన మొగ్గలను లెక్కింపవలెను. సాయంకాలము బడి విడుచునపుడు మరల చూడవలెను. ఏ మొక్కపై ఏ జట్టునకు మక్కువ యున్నదో ఆ జట్టు ఆ మొక్కను లెక్కింపరాదు. వారమునకొకమారు జట్లు మారవలెను. ప్రేమించినవాని చేతిలో తక్కెడ కొంచెము వంగునని పెద్దలకు తెలియును. పిల్లలకు అది చూచి నేర్చుకొనవలసిన సంగతి.

మూడు మొక్కల తీర్పు

పూచిన 19 మొక్కలలో ఎక్కువభాగము ఎర్రమందారమునకు తీసికట్టుగా నుండినవి. కొన్నింటి రేకులు సన్నగిల్లి విడివిడిగా నుండినవి. కొన్ని ఆకులు ముడుచుకొని గిడసబారినవి. 2025లో మూడింటిపై మాత్రము దృష్టి నిలిపితిమి. అవి 9, 14, 22.

9వ మొక్క పూవు అందరిని మోహింపజేసినది. నారింజ వన్నె, నడుమ నెత్తుటి రంగు గుండ్రము, అంచులయందు పలుచని పసుపు గీత. చూడవచ్చిన ప్రతివారును దానినే అడిగిరి. 22వ మొక్క నిండుపసుపు పూవు, ఏపుగా పెరిగినది, తెగులు లేదు. 14వ మొక్క పూవు మధ్యరకపు పరిమాణము. ఇటుక రంగునకును గులాబి రంగునకును నడుమనున్న ఒక మట్టి వన్నె. మొదటి సంవత్సరము దానిని ప్రత్యేకముగా ఆగి చూచినవారు లేరు.

2025 మార్చి మాసమున బడి జరిగిన 20 దినముల లెక్క యిది. 9వ మొక్కకు 11 పూలు విచ్చినవి, 17 మొగ్గలు రాలినవి. విచ్చినవానిలో చాలభాగము మధ్యాహ్నమునకే తలవంచినవి. 14వ మొక్కకు 46 పూలు విచ్చినవి, 5 మొగ్గలు రాలినవి. సాయంకాలమునకు కూడ అవి నిలిచియుండినవి. కొన్ని మరునాటి ఉదయమునను చూడదగియుండినవి. ఒక్కొక్కదాని కొమ్మలు పదేసి నాటగా 14వ మొక్కవి 8, 9వ మొక్కది ఒకటి వేరు పట్టినవి.

22వ మొక్క విషయమున చిక్కు వేరు. అది ఆరోగ్యముగా నున్నది, చక్కగా పూచినది. దాని పూవును తల్లి పూవు ప్రక్కన నీటి గ్లాసులో నుంచి, ఏది యేదో చెప్పుమని పిల్లల నడిగితిమి. ఎవరును నిశ్చయముగా చెప్పలేకపోయిరి. తల్లికన్న భేదము లేనిదానిని క్రొత్త రకమనరాదు. అది మంచి మొక్క, క్రొత్త రకము మాత్రము కాదు.

ఆనాడు ఏడవ తరగతి బాలిక యొకతె లేచి, “అయ్యవారూ, అందమైనది ఓడి, సాదాది గెలుచుట న్యాయమా?” అని యడిగెను. మేము సమాధానము చెప్పక ముందే వేరొక బాలుడు లెక్కల పుస్తకము తెరచి, “మేము పెట్టిన పరీక్ష పూవునకు కాదు, చెట్టునకు” అనెను. బాలిక ఒప్పుకొనలేదు. అందము కూడ చెట్టు గుణమే గదా యని వాదించెను. ఆమె మాటయందును సత్యము లేకపోలేదు. అందుచే 9వ మొక్కను తీసివేయక, దానిని తరువాతి సంకరమునకు తండ్రిగా నుంచవలెనని తరగతి తీర్మానించెను. దాని రంగును 14వ మొక్క బలముతో కలుపవలెనని వారి యాశ. ఫలించునో లేదో మరి మూడేండ్లకు గాని తెలియదు. ఇప్పుడు ప్రశ్న అడిగిన బాలిక అప్పటికి పదవ తరగతి దాటియుండును.

గోధుమ వంగడములపై జీవితకాలము పనిచేసి, 1965లో భారత వ్యవసాయ పరిశోధనా మండలికి మొదటి డైరెక్టరు జనరలుగా నియుక్తులైన డాక్టరు బి. పి. పాల్ గారు గులాబి సంకరములను కూడ పెంపొందించిన సంగతి విజ్ఞులకు తెలిసినదే. అన్నము పెట్టు గోధుమకును, కంటికింపైన గులాబికిని వేర్వేరు కొలతలుండవచ్చును. వేచియుండుట, విడువక వ్రాయుట, నచ్చినదానిని సైతము నిర్దాక్షిణ్యముగా తూచుట — ఇవి రెండింటికిని సమానమే.

ఏరివేతను గూర్చి ఒక మాట

మొక్కల పెంపకమున ఏరివేత తప్పనిది. 23లో ఒకటి నిలిచినది. ఈ మాట చెప్పునపుడు ఉపాధ్యాయులమగు మాకు ఒక సంకోచము కలుగును. పరీక్ష, లెక్క, తీర్పు — ఈ మాటలన్నియు బడియందు కూడ వినబడునవే. ఒక సంగతి మాత్రము తల్లిదండ్రులు మనసున నుంచుకొనవలెనని కోరుచున్నాము. తొలిపూవును చూచి మొక్కకు వెల కట్టరాదను నియమము పిల్లలకును వర్తించును. ఏరివేయుట అను నియమము మాత్రము పిల్లలకు వర్తింపదు. తోటమాలికి మొక్కపై గల అధికారము గురువునకు గాని, తల్లిదండ్రులకు గాని బిడ్డపై లేదు. మూడవ తరగతిలో మొదటి త్రైమాసిక పరీక్ష మార్కులు చూచి, “వీడికి చదువు రాదు” అను తండ్రికి మేము ఈ మడిని చూపించుచుందుము. 14వ మొక్క మొదటి యేడు ఎవరి కంటికిని ఆనలేదు.

మరియొకటి. ఏరివేసిన మొక్కలను మేము పారవేయలేదు. వానిలో వేరు బలము గల ఐదింటిని వేరుమూలముగా నుంచితిమి. 9వ మొక్క కొమ్మ తనంతట వేరు పట్టదు గనుక, వానిపై దానిని అంటుకట్టవలెను. తక్కినవి ఆటస్థలపు అంచున కంచెగా నిలిచినవి.

పేరు

14వ మొక్కకు పేరు పెట్టవలెనని పిల్లలు తొందరపడుచున్నారు. పెంచిన మొక్కల పేర్లకు అంతర్జాతీయ నియమావళి యొకటి కలదు. దాని ప్రకారము 1959 తరువాత పెట్టు రకముల పేర్లు లాటినులో నుండరాదు, వాడుక భాషలలో నుండవలెను. తెలుగు పేరు పెట్టుటకు అడ్డు లేదు. ఈ మాట విన్నప్పుడు పిల్లల ముఖములు వికసించినవి. పూవు భాగములను తెలుగున చెప్పుకొని, తెలుగున లెక్కవ్రాసి, తుదకు మొక్కకును తెలుగు పేరే పెట్టవచ్చుననుట వారికి గొప్ప సంగతిగా తోచినది. అయితే పరీక్ష పూర్తియగు వరకు దానిని సంఖ్యతోనే పిలువవలెనని నిర్ణయించితిమి. పేరు పెట్టిన పిమ్మట లోపములు చూచుటకు మనసొప్పదు.

తల్లిదండ్రులకు మనవి

ఇంతవరకు 14వ మొక్క మన మడిలో, ఒకే మట్టిలో, ఒకే నీటితో పెరిగినది. ఇక్కడ బాగుండుట చాలదు. వేరు నేలలోను, వేరు నీడలోను అట్లే యుండునా యని చూడవలెను. సమానత, స్థిరత అను రెండు గుణములును అప్పుడే తేలును. మడి పోవుచున్న ఈ సమయమున అది మనకు అవసరము కూడ. ఒక్కచోట ఒక్క మొక్కగా నున్నదానిని పదిచోట్ల పది మొక్కలుగా చేసినచో, ఒకచోట ఎండినను మరియొకచోట బ్రతుకును.

వేరు పట్టిన కొమ్మలు ఇప్పటికి పండ్రెండు సిద్ధముగా నున్నవి. మార్చి మాసమున వానిని పండ్రెండు యిండ్లకు ఇచ్చెదము. పెరడు లేనివారు కుండీలో పెంచవచ్చును. మొక్కకు దినమున నాలుగైదు గంటలైనను ఎండ తగులవలెను. కుండీ అడుగున రంధ్రముండవలెను. మొదటి పదిదినములు నీడన నుంచి, పిమ్మట మెల్లగా ఎండకు అలవాటు చేయవలెను. ఇంటివారికి మంచి మనసున్నను నిలువ నీరు మందారమునకు పగ. పై మట్టి ఆరిన పిమ్మటనే నీరు పోయవలెను. పిండినల్లి కనబడినచో మొదట నీటి ధారతో కడిగి, అంటిన చోట తడిగుడ్డతో తుడువవలెను. పూజకు పూలు కోసికొనవచ్చును. కోయుటకు ముందు లెక్కించి వ్రాయవలెను.

మొక్కతోపాటు ఒక చిన్న పుస్తకమిచ్చెదము. అందు వారమున కొకమారు నాలుగు సంగతులు వ్రాసిన చాలును — విచ్చిన పూలెన్ని, రాలిన మొగ్గలెన్ని, తెగులున్నదా, సాయంకాలము పూవు నిలిచినదా. ఇంటిలో బిడ్డ వ్రాయవచ్చును, అవ్వగారు చెప్పుచుండగా వ్రాసినను మంచిదే. మొక్క చనిపోయినచో సిగ్గుపడి దాచవలదు. ఎప్పుడు, ఎట్లు పోయినదో వ్రాసి పంపుడు. ఆ పుట మాకు పూచిన మొక్క పుటతో సమానమైన విలువ గలది.

ఏడాది గడచిన పిమ్మట పండ్రెండు పుస్తకములును ఒకచోట చేర్చి పిల్లలు చదివెదరు. పండ్రెండు యిండ్లలోను ఆ మట్టి వన్నె పూవు ఒక్క తీరుగా విచ్చినచో పేరు పెట్టుటకు తల్లిదండ్రులందరిని పిలిచెదము. కొన్ని యిండ్లలో రంగు మారినను, మొగ్గలు రాలినను పేరు ఆగును, సంఖ్య నిలుచును, పరీక్ష సాగును. మొక్క కావలసినవారు తమ బిడ్డ తరగతి ఉపాధ్యాయుని యొద్ద ఫిబ్రవరి నెలాఖరులోగా పేరు వ్రాయించుకొన ప్రార్థన.